ఉమ్మి పరీక్షలో అన్నకు 91 శాతం, చెల్లెలికి 97. ఇద్దరూ మా పిల్లలే!

పెరంబూరు పాతకాపు అడిగారు:

అందరికీ నమస్కారం. నాకు 68 ఏళ్ళు. పెరంబూరు కోచ్ ఫ్యాక్టరీలో 34 ఏళ్ళు చేసి రిటైరయ్యాను. చదివింది తమిళ మీడియం. తెలుగు అక్షరాలు మా అమ్మ పళ్ళెంలో బియ్యం పోసి దిద్దించినవే, కాబట్టి తప్పులుంటే సర్దుకోండి.

విషయం ఇదీ. మావాడు, మా అమ్మాయి ఇద్దరూ అమెరికాలో ఉంటారు. పోయిన దీపావళికి డిస్కౌంట్ వచ్చిందని మావాడు డీఎన్ఏ కిట్లు రెండు కొన్నాడు. గొట్టంలో ఉమ్మి నింపి పంపితే రెండు నెలలకు రంగురంగుల చక్రం బొమ్మ ఒకటి వచ్చింది. మావాడికి దక్షిణ భారతం 91, ఉత్తర భారతం 6, మధ్య ఆసియా 3. అమ్మాయికి దక్షిణ భారతం 97, బెంగాల్ వైపు 3. ఒకే తల్లి, ఒకే తండ్రి. అన్నకున్న మధ్య ఆసియా చెల్లెలికి ఎందుకు లేదు? ఫ్యామిలీ గ్రూపులో పెట్టగానే మా మేనల్లుడు (వరస మార్చుకుంటే మా బావమరిది కూడా, ఎందుకో కింద చెబుతాను) "ఏం మామా, మనవాళ్ళు గుర్రాలెక్కి వచ్చారా?" అని ఒకటే వెటకారం.

అంతవరకైతే నవ్వుకుని ఊరుకునేవాణ్ణి. జూన్‌లో మావాడు మళ్ళీ తెరిచి చూస్తే దక్షిణ భారతం 98, ఉత్తరం 2 అని ఉంది. మధ్య ఆసియా పత్తా లేదు. వాడు మళ్ళీ ఉమ్మిందీ లేదు, ఇంకో పైసా కట్టిందీ లేదు. మిగతా శాతాలు ఏ రైలెక్కి పోయినట్టు?

రెండో సంగతి. మా తాత చెప్పేవాడు, గండికోట పడిపోయినప్పుడు మావాళ్ళు పెన్న దాటి ఇటు వచ్చేశారని. మా ఇంటిపేరు కూడా కడప జిల్లాలో ఒక ఊరి పేరే. ఇంట్లో ఇన్ని తరాలుగా తెలుగే మాట్లాడుతున్నాం, పెరుగన్నంలో తమిళం నంజుకున్నట్టు. ఈ రిపోర్టులో తెలుగు అన్న మాటే లేదు. మావాడి ఆఫీసులో తిరునెల్వేలి కుర్రాడికీ ఇదే 98 వచ్చిందట. అయితే మేం తెలుగువాళ్ళమా, కాదా?

మూడోదే అసలు టెన్షన్. మావాడు ఆ ఫైలు దించుకుని ఇంకో సైటులో ఎక్కించాడు. అక్కడ "మీ తల్లిదండ్రులు బంధువులా?" అని ఒక బటన్ ఉంటుందట. నొక్కాడు. "అవును, చాలా దగ్గరి బంధువులు" అని వచ్చింది. నిజమే, మా ఆవిడ మా అక్క కూతురే. మా కాలంలో అదేమీ వింత కాదు. కానీ మా కోడలికి ఇప్పుడు నాలుగో నెల. ఆ అమ్మాయిది వేలూరు, తెలుగు కుటుంబమే, మాకు చుట్టరికం లేదు. అప్పట్నుంచీ సరిగ్గా నిద్రపోవడం లేదని మా అమ్మాయి చెప్పింది.

పైగా 1,100 మంది "బంధువుల" జాబితా ఇచ్చింది. గుంటూరు, సేలం, కోయంబత్తూరు, ఎక్కడెక్కడి వాళ్ళో. మా వంశం ఏ గుంపుదో అని తండ్రి వైపు "హెచ్", తల్లి వైపు "ఎం" అని అక్షరాలు కూడా రాసింది. తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

---

గోత్రం గోవిందు:

హెచ్ వచ్చిందంటే పక్కా ద్రావిడ మూలం. ఆర్ వన్ ఏ వచ్చి ఉంటే ఆర్య మూలం. తండ్రి నుంచి కొడుక్కి మారకుండా వచ్చేది అదొక్కటే. మన గోత్రం అంటే అదే, మన పెద్దలు ఎప్పుడో కనిపెట్టారు. మీ వంశం తేలిపోయింది సార్.

---

బనశంకరి బ్రహ్మచారి:

పాతకాపు గారూ, నేను బెంగళూరులో ఒక ల్యాబ్‌లో ఈ లెక్కలే చేస్తుంటాను. కొంచెం పొడుగవుతుంది, కాఫీ పెట్టుకుని చదవండి.

ముందు ఆ శాతాలు ఎలా పుడతాయో చూద్దాం. మన డీఎన్ఏలో సుమారు 300 కోట్ల అక్షరాలున్నాయి. ఇలాంటి కిట్ చదివేది అందులో ఆరేడు లక్షల చోట్లు మాత్రమే, మనిషికీ మనిషికీ అక్షరం మారే చోట్లు. వాటిని స్నిప్‌లంటారు. ఒక్క స్నిప్ చూసి ఊరు చెప్పడం దాదాపు కుదరదు. ఎక్కడో ఒకటీ అరా ఉంటాయి. వైవాక్స్ మలేరియాను అడ్డుకునే డఫీ అనే రక్తగుర్తు మార్పు పశ్చిమ ఆఫ్రికాలో దాదాపు అందరిలో ఉంటుంది, యూరప్‌లో దాదాపు ఎవరిలోనూ ఉండదు. మన పక్కపక్క జిల్లాలను విడదీసే అలాంటి గుర్తు ఏదీ లేదు.

మరి ఎలా చెబుతారు? మనం మాట విని ఊరు కనిపెట్టినట్టే. బస్సులో పక్కనాయన "తెల్లగడ్డ" అన్నాడనుకోండి. కోస్తావాడు వెల్లుల్లి అంటాడు, తెలంగాణవాడు ఎల్లిగడ్డ అంటాడు, కాబట్టి ఈయనది సీమో నెల్లూరో అని మనసులో ఒక గీత గీసుకుంటాం. కాసేపటికి "యాడికి" అన్నాడు, ఇంకో గీత. "ఉండాది" అన్నాడు, ఇంకోటి. ఏ ఒక్క మాటా రుజువు కాదు, అన్నీ కలిస్తే నమ్మకం పెరుగుతుంది. స్నిప్‌లదీ ఇదే వరస. ఒక అక్షరం ఒక గుంపులో 60 శాతం, ఇంకో గుంపులో 40 శాతం ఉంటే, అది మీలో కనిపించడం వల్ల మొదటి గుంపు వైపు మొగ్గు ఒకటిన్నర రెట్లే. ఒకదానితో ఒకటి సంబంధం లేని అలాంటివి ఇరవై ఒకే వైపు మొగ్గితే మూడు వేల రెట్లు దాటుతుంది.

ఇప్పుడు తిరకాసు. ఆ బస్సులో వింటున్న మనిషి జీవితంలో గుంటూరు యాస, హైదరాబాద్ యాస తప్ప ఇంకేదీ వినలేదనుకోండి. చిత్తూరాయన మాట్లాడితే ఏమంటాడు? "ఇతను 70 శాతం గుంటూరు, 30 శాతం హైదరాబాద్" అంటాడు. మీ అబ్బాయి చక్రం సరిగ్గా ఇలాంటిదే. కంపెనీ దగ్గర ముందే పోగేసిన మనుషులుంటారు, దాన్నే రిఫరెన్స్ ప్యానెల్ అంటారు. వాళ్ళలో ఎవరికి ఎంత దగ్గరో అదే మీ శాతం. జూన్‌లో ప్యానెల్‌లోకి కొత్త మనుషులు చేరి ఉంటారు, లేదా లెక్క మార్చి ఉంటారు. మీవాడి ఉమ్మి మారలేదు, వింటున్నవాడి చెవి మారింది.

ప్యానెల్ గురించి ఒక తమాషా చెప్పాలి. పరిశోధకులు ప్రపంచమంతా వాడే వెయ్యి జీనోముల (జీనోము అంటే ఒక మనిషి మొత్తం డీఎన్ఏ) ప్రాజెక్టు అని ఒకటుంది. 2015లో పూర్తయింది, 26 గుంపుల నుంచి 2,504 మంది. అందులో తెలుగువాళ్ళు 102 మంది ఉన్నారు. అందరూ యూకేలో ఉంటున్న తెలుగువాళ్ళే! పక్క వరసలో శ్రీలంక తమిళులు, వాళ్ళనీ యూకేలోనే తీసుకున్నారు. గుజరాతీలను హ్యూస్టన్‌లో పట్టారు. కంపెనీలకు సొంత ప్యానెల్స్ కూడా ఉంటాయి గానీ, బయట "తెలుగు" అనే పేరుతో ఎక్కువగా తిరిగే నమూనా మాత్రం ఇదే.

ఇక ఆ మధ్య ఆసియా 3. మీ మేనల్లుడికి ఇది చదివి వినిపించండి. 2009లో హైదరాబాద్ సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం) నుంచి లాల్జీ సింగ్, తంగరాజ్ గార్లు, హార్వర్డ్ నుంచి డేవిడ్ రైక్ బృందం కలిసి 25 భారతీయ గుంపుల నుంచి 132 మందిని పరీక్షించారు. మనలో చాలా గుంపులు రెండు పాత మూలాల కలయికే అని తేలింది. పడమటి వైపు జనాలకు దగ్గరగా ఉన్న మూలం వాటా ఒక గుంపులో 39 శాతమైతే ఇంకో గుంపులో 71. ఆ కలయిక సుమారు 4,200 నుంచి 1,900 ఏళ్ళ కిందట జరిగిందని 2013లో లెక్కకట్టారు. మధ్య ఆసియా గడ్డిమైదానాల పశుపాలకుల వాటా క్రీ.పూ. 2000, 1500 మధ్య ఇటు చేరిందని 2019లో పాత ఎముకల డీఎన్ఏతో చూపించారు. అంటే ఆ చిటికెడు మీలోనూ, మీ తిరునెల్వేలి కుర్రాడిలోనూ ముందే కలిసిపోయి ఉంది. "దక్షిణ భారతం" అనే పేరే సాంబారు పొడి లాంటిది. ధనియాలు, మెంతులు, ఎండుమిర్చి అన్నీ అందులోనే పడి ఉన్నాయి. ఒక్కోసారి ఒక చెంచాలో ధనియం పలుకు పెద్దది తగిలితే కంప్యూటరు కంగారుపడి "ధనియాలు 3 శాతం" అని విడిగా రాస్తుంది. గుర్రమెక్కిన ముత్తాత అక్కర్లేదు.

అన్నాచెల్లెళ్ళ తేడా కూడా కొంత ఇదే. ప్రతి బిడ్డకూ అమ్మ నుంచి సగం, నాన్న నుంచి సగం వస్తుంది. ఏ సగం అనేది ప్రతిసారీ కొత్తగా కలిపి పంచిన పేక. కాబట్టి తోబుట్టువుల ముక్కలు తేడాగా ఉండటం సహజం. కానీ 3 శాతం లాంటి చిన్న అంకెల్లో నిజమైన తేడా కన్నా లెక్క తడబాటే ఎక్కువ. ఐదు లోపు ఏ అంకె వచ్చినా నేనైతే పట్టించుకోను.

గోవిందు గారికి ఒక మాట. మీరన్న హెచ్, ఆర్ వన్ ఏ అనేవి తండ్రి నుంచి కొడుక్కి వచ్చే వై క్రోమోజోమ్‌లో రకాలు. ఆ వై ఒక్క తండ్రి దారినే చెబుతుంది. గండికోట కాలం నుంచి ఇప్పటికి 14 తరాలనుకుంటే, ఆ తరంలో పాతకాపు గారికి 16,384 పూర్వీకుల స్థానాలు. వై చెప్పేది అందులో ఒకే ఒక్కరి గురించి. మధ్యలో ఒక్క దత్తత జరిగినా గోత్రం ఒక దారి, వై ఒక దారి. ఆర్య, ద్రావిడ అనే ముద్రలూ అంతే. ఆర్ వన్ ఏ మన నల్లమల చెంచుల్లో కూడా కనిపించిందని 2003లోనే ప్రచురించారు. ఆ లెక్కన చెంచులను ఏమంటారు?

భాషకు జీను లేదు పాతకాపు గారూ. తెలుగు మీ నోట్లో ఉంది, ఉమ్మిలో వెతికితే దొరకదు. పక్కపక్కనున్న తమిళ, తెలుగు వాళ్ళ మధ్య తేడా కన్నా ఒకే ఊళ్ళో రెండు కులాల మధ్య తేడా ఎక్కువ ఉండొచ్చు. ఎందుకంటే దాదాపు రెండు వేల ఏళ్ళుగా మన పెళ్ళిళ్ళన్నీ లోలోపలే.

1,100 మంది బంధువుల గొడవకూ కారణం అదే. ఇద్దరి మధ్య ఒకేలా ఉన్న డీఎన్ఏ ముక్కల పొడవు కూడి "వీళ్ళు నాలుగో తరం కజిన్స్" అని చెబుతారు. బయటి పెళ్ళిళ్ళు చేసుకునే జనాలకు ఆ లెక్క సరిపోతుంది. మనకు పది దారుల్లో పాత చుట్టరికం ఉంటుంది కాబట్టి చిన్న ముక్కలన్నీ కూడుకుని దూరపువాడు దగ్గరివాడిలా కనిపిస్తాడు. అందుకని మొత్తం చూడొద్దు, అతి పొడుగు ముక్క ఎంతో చూడమనండి. 25, 30 సెంటీమోర్గాన్ల (డీఎన్ఏ ముక్కల పొడవు కొలత) ముక్క ఒకటుంటే ఆ మనిషికి రాసి చూడొచ్చు. ఆరేడువి పది ఉన్నా వదిలేయండి.

"తల్లిదండ్రులు బంధువులా" అన్న బటన్ మాత్రం కచ్చితంగా చెప్పింది. మీ అమ్మానాన్నలు మీవాడికి మీ వైపు నుంచి నాయనమ్మ, తాత. మీ ఆవిడ వైపు నుంచి మళ్ళీ వాళ్ళే ముత్తవ్వ, ముత్తాత. అందుకే రెండు దారుల్లో వచ్చిన ఒకే ముక్క రెండు కాపీలుగా కలుస్తుంది. మేనమామ పెళ్ళిలో సగటున జీనోములో ఎనిమిదో వంతు ఇలా ఉంటుంది. మేనత్త, మేనమామ పిల్లల పెళ్ళయితే పదహారో వంతు. అవి పొడుగు ముక్కలుగా కనిపిస్తాయి కాబట్టే యంత్రం అంత ధీమాగా చెప్పింది. కోడలు గారి సంగతి డాక్టర్లు చెబితేనే బాగుంటుంది.

---

మత్తు డాక్టరమ్మ:

బాబాయ్ గారూ, నేను చెన్నైలో ఎనస్థటిస్ట్‌ని. ముందు మీ కోడలికి ఫోన్ చేసి ఈ ముక్క చెప్పండి. బిడ్డకు ఒక కాపీ మీ అబ్బాయి నుంచి, ఇంకో కాపీ ఆ అమ్మాయి నుంచి వెళ్తుంది. మీ అబ్బాయిలో జంటగా ఉన్న ముక్క బిడ్డలోకి ఒంటిగానే వెళ్తుంది. తల్లి చుట్టం కాకపోతే మేనరికం లెక్క అక్కడితో సరి. తండ్రిది మేనరికం కాబట్టి బిడ్డకూ మేనరికం దోషం అనేది ఉండదు.

ఆ అమ్మాయిది మీ కులమేనా? అయితే చుట్టరికం లేకపోయినా ఒక్క మెట్టు ముందుకెళ్ళి చూసుకోవాలి. 2017లో సీసీఎంబీ, హార్వర్డ్ వాళ్ళే దక్షిణాసియాలోని 260కి పైగా గుంపుల నుంచి 2,800 మందికి పైగా మనుషులను చూశారు. వాటిలో 81 గుంపులు బాగా కొద్దిమంది పూర్వీకుల నుంచి పెరిగినవని తేలింది. ఈ విషయంలో ఫిన్లాండ్ వాళ్ళనూ, అష్కెనాజీ యూదులనూ ఉదాహరణగా చెబుతుంటారు, ఈ 81 వాళ్ళను మించినవి. పది లక్షలు దాటిన జనాభా ఉన్నవీ వీటిలో ఉన్నాయి. అంత పెద్ద కులంలో ఎవరికి ఎవరూ ఏమీ కారనుకుంటాం, కానీ ఆ కొద్దిమందిలో ఒకరి దగ్గరున్న లోపం వేలమందిలో ఒక్కొక్క కాపీగా దాక్కుని ఉంటుంది. అమ్మానాన్నలిద్దరిలోనూ అదే ఉంటే బిడ్డకు రెండు కాపీలూ చేరొచ్చు.

ఇది నాకు పేపర్లో చదివి తెలిసింది కాదు. పీజీ రెండో ఏడు, రాత్రి డ్యూటీ, అపెండిక్స్ కేసు. తెలుగు మాట్లాడే ఆర్య వైశ్య కుటుంబం, పాతికేళ్ళ అబ్బాయి. గొట్టం వేయడానికి సక్సినైల్‌కోలిన్ ఇచ్చాం. కండరాలను సడలించే మందు, మామూలుగా కొద్ది నిమిషాల్లో దిగిపోతుంది. ఆపరేషన్ అయిపోయింది, మత్తు ఆపాం, అబ్బాయి ఊపిరి తీసుకోడు. వేలు కదపడు. మా మేడమ్ వచ్చి చూసి, ఆ కుటుంబం వివరం అడిగి, "వెంటిలేటర్ మీదే ఉంచు, తెల్లారేలోపు తనే లేస్తాడు" అని కుర్చీ లాక్కుని కూర్చున్నారు. నాలుగు గంటలు పట్టింది. బయట వాళ్ళమ్మ ప్రతి పది నిమిషాలకూ తలుపు దగ్గరికి రావడం నాకిప్పటికీ గుర్తుంది. ఆ మందును విరగ్గొట్టే ఎంజైమ్ ఆ అబ్బాయి రక్తంలో దాదాపు లేదు. ఈ లోపం ఆర్య వైశ్యుల్లో మిగతావాళ్ళ కన్నా చాలా ఎక్కువని మా రంగంలో తెలిసిన సంగతే. ముందే తెలిస్తే ప్రమాదమేమీ లేదు, వేరే మందు ఇస్తాం.

మీ కోడలు అమెరికాలోనే ఉంది కాబట్టి తన డాక్టరును క్యారియర్ స్క్రీనింగ్ (అలా దాక్కున్న ఒంటి కాపీ ఉందేమో చూసే పరీక్ష) అడగమనండి. తలసీమియా అనే వంశపారంపర్య రక్త జబ్బుకు రక్త పరీక్ష చేసే ఉంటారు, లేకపోతే అదీ అడగాలి. ఆ డిస్కౌంట్ కిట్ ఫైలు పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్ళొద్దు, అది వైద్యానికి పనికొచ్చే నాణ్యత కాదు.

---

కాగితాల పురుగు:

శాతాల సంగతి పైవాళ్ళు చెప్పారు. నాది గండికోట మాట. ఇంటిపేరు ఊరిపేరే అంటున్నారు కదా, ఆ దారి పట్టుకోండి. ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ రెండు వందల ఏళ్ళ కిందట ఊరూరా కరణాల దగ్గర రాయించిన కైఫీయత్తులు, అంటే ఊరి చరిత్రలు, చెన్నైలోనే ఉన్నాయి, ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో. కడప జిల్లావి చాలా ఉన్నాయి. ఏ ఊరు ఎవరు కట్టారు, చెరువు ఎవరు తవ్వించారు, ఎప్పుడు ఎవరు వలస పోయారు, ఇలాంటివన్నీ కరణం చెప్పినట్టే రాసి ఉంటాయి. కొన్ని కట్టుకథలు కూడా కలుస్తాయి, అది వేరే సంగతి. కొట్టూరుపురంలో అన్నా శతజయంతి గ్రంథాలయం భవనానికి వెళ్ళి అడగండి. మీ పెరంబూరు నుంచి మహా అయితే గంటన్నర.

ఇంకో మాట, ఆ బంధువుల జాబితా ఆప్షన్ అవసరం లేనప్పుడు ఆపేయమనండి. 2023లో ట్వంటీత్రీ అండ్ మీ అనే డీఎన్ఏ కిట్ల కంపెనీ నుంచి సుమారు 69 లక్షల మంది వివరాలు బయటికి పోయింది ఆ దారిలోనే. 2025 మార్చిలో ఆ కంపెనీ దివాలా పిటిషన్ కూడా వేసింది.

---

పెరంబూరు పాతకాపు:

బ్రహ్మచారి బాబూ, డాక్టరమ్మా, పురుగు గారూ, అందరికీ దండాలు. ఆలస్యంగా రాస్తున్నాను, కళ్ళకు చుక్కల మందు వేస్తున్నారు.

కోడలితో మాట్లాడాను. ఆ అమ్మాయిది మా కులమే. డాక్టరమ్మ చెప్పింది అక్షరం పొల్లుపోకుండా చదివి వినిపించాను, "ఒంటిగానే వెళ్తుంది" అన్న దగ్గర మళ్ళీ చదవమంది. వచ్చే మంగళవారం స్క్రీనింగ్‌కు అపాయింట్‌మెంట్ తీసుకుంది.

నన్ను తేల్చేది యూకేలో ఉన్న 102 మందా అని మొన్న రాత్రంతా నవ్వొచ్చింది. మా అక్కకు 81 ఏళ్ళు. అక్కే, అత్తగారే. బటన్ నొక్కితే నీ తమ్ముడే నీ అల్లుడని మిషన్ కనిపెట్టింది అని చెప్పాను. "దానికి అమెరికా దాకా ఎందుకురా, నా దగ్గర పెళ్ళి పత్రిక ఉంది కదా, అడిగితే ఇచ్చేదాన్ని" అంది.

మావాడు పొడుగు ముక్కలు వెతికాడు. 1,100 మందిలో 25 దాటినవాళ్ళు ముగ్గురే మిగిలారు. ఇద్దరు మాకు తెలిసినవాళ్ళే, మా చిన్నాన్న మనవలు. మూడో ఆయన జమ్మలమడుగు నుంచి వచ్చి డాలస్‌లో ఉంటున్నాడట. గండికోటకు కూతవేటు దూరం కదా అని నేను ఎగిరి గంతేశాను. తీరా రాస్తే, వాళ్ళ నాయనమ్మది మెడ్రాస్ పురసవాక్కం అని జవాబొచ్చింది. అంటే చుట్టరికం ఇక్కడిదే!

కొట్టూరుపురం వెళ్ళొచ్చాను. కడప కైఫీయత్తు ఒకటి తీసి చూపించారు. మా ఇంటిపేరు ఊరు అందులో ఉంది, ఆ అక్షరాలు మాత్రం పోల్చుకోగలిగాను. మిగతాదంతా గొలుసుకట్టు రాత, చీమలు పాకినట్టుంది. మా అమ్మ బియ్యంలో నేర్పింది అక్కడ చాల్లేదు. గొలుసుకట్టు చదవగలిగినవాళ్ళు చెన్నైలో ఎవరైనా ఉన్నారా?

---

కాగితాల పురుగు:

ఉన్నాను. శుక్రవారం తప్ప ఏ రోజైనా సరే. భూతద్దం తెచ్చుకోండి, అక్కడ ఇచ్చేది గీతలు పడిపోయింది.